కచ్చురంలో పట్టిన ముసురు

ఆ రోజుల్లో మా వైపు వానలన్నిటినీ ఒకే పేరుతో పిలిచే బద్ధకం ఎవరికీ ఉండేది కాదు. ఉరుముతూ వచ్చి తడిపి పోయేది ఒకటి, రాళ్లు కురిసి పంటను నేల మీద పండబెట్టేది ఒకటి, ఎండలోనే నాలుగు చినుకులు రాల్చి పిల్లల్ని గంతులేయించేది ఒకటి. వీటన్నిటిలోకీ మర్యాదస్తురాలిలా కనిపించి మనిషి ప్రాణం తీసేది ముసురు. అది ఉరమదు, మెరవదు. కురుస్తున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. ఆరేసిన ధోవతి ఆరదు, పొయ్యిలో కట్టె మండదు, పొద్దెటున్నదో తెలియదు. అందుకేనేమో మావాళ్లు ఆ మాటను ఆకాశానికే వదిలేయలేదు. వచ్చిన చుట్టం కదలకపోతే ముసురు పట్టిందనేవారు. కోడలు మూతి ముడిస్తే మొకానికి ముసురు పట్టిందనేవారు. బెల్లం మీద ఈగలు ముసిరేవి, మనసులో దిగుళ్లు ముసిరేవి. నాకు చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు, ప్రతి రోజూ మొదటి మాట వాతావరణం గురించే రాస్తాను. పెళ్లయిన ఏడాది ఆషాఢంలో వరుసగా కొన్ని రోజులు ‘ముసురు’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాయలేదు. రాయడానికి కూర్చున్న చోటు అలాంటిది. ఆ చోటు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మాది కామారెడ్డి. మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డి. నేనప్పుడు కామారెడ్డిలో ఒక ధాన్యం సేటు దగ్గర గుమాస్తాగా కొత్తగా చేరాను. చేరిన కొద్ది నెలలకే పెళ్లి. పెళ్లయిన కొద్ది వారాలకే ఆషాఢం దగ్గరపడింది. కొత్త పెళ్లివారి ఇళ్లలో ఆషాఢం పొడుగునా అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదని మాకు కట్టుబాటు. అందుకని పెళ్లికూతురు పుట్టింటికి పోతుంది, పెళ్లికొడుకు తన ఇంట్లో కూర్చుని శ్రావణమాసం ఎప్పుడొస్తుందా అని పంచాంగం తిరగేస్తుంటాడు. (నేను తిరగేయలేదు. మా ఇంటి పంచాంగంలో ఆ పేజీ ఎందుకు నలిగిపోయిందో నాకు తెలియదు.)

పుట్టింటికి పోయే ముందురోజు మా ఇంటావిడ పెరట్లో బావి దగ్గర బట్టలు పిండుతూ, చాలా మామూలుగా అడుగుతున్నట్టు, నిజాంసాగర్ చూపిస్తారా అని అడిగింది. అప్పటికి ఆనకట్ట కట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. ఎల్లారెడ్డి వాళ్లకు అది బండి దారి. ఊళ్లో సగంమంది చూసొచ్చి, తలుపులెత్తితే నీళ్లు పొగలా లేస్తాయని ఈమెకు కథలు చెప్పారట. నాకు చూపించడానికి అభ్యంతరమేమీ లేదు. కాని కొత్త కోడలు ఆనకట్ట చూడ్డానికి పోతానంటే మా అమ్మ ఏమంటుందోనని భయం. భయమని చెప్పుకోలేక, అది ఓవర్సీర్లు చూసే వస్తువు, సంసారం చేసుకునే ఆడవాళ్లకు దాంతో ఏం పని అని పెద్దరికం ఒలకబోశాను. ఆమె చీర గట్టిగా పిండి, దులిపి, తీగ మీద ఆరేసి అప్పుడంది.

“సరే పందెం. ఆషాడంల మీరు మా ఇంటికి రాకుంట ఉండలేరు. వస్తే నిజాంసాగర్ చూపియ్యాలె. రాకుంటే నేను మల్ల ఆ ఊసెత్త.”

నాకు నవ్వొచ్చింది. ఆషాఢంలో అత్తగారింటికి పోవడానికి ఊరూవాడా అంతా అడ్డమే. ఇంత సులువైన పందెం ఎవరు వదులుకుంటారు? గుమాస్తా బుద్ధి కొద్దీ షరతు కూడా నేనే బిగించాను. ఊళ్లోకి రావడం లెక్క కాదు, మీ ఇంటి గడప తొక్కితేనే నేను ఓడినట్టు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆమె ఆలోచించిందనే విషయం నేనప్పుడు గమనించి ఉండవలసింది.

ఆషాఢం సగమైందో లేదో, సేటు పిలిచి ఒక పెద్ద ఇత్తడి తరాజు, దాని గొలుసులు, పళ్లేలు మూటగట్టి నా చేతిలో పెట్టాడు. ఎల్లారెడ్డిలో ఆయన బంధువు దుకాణం ఉంది. వాళ్ల తరాజు వంగిపోయిందట. ఇచ్చి సాయంత్రం బస్సుకు వచ్చేయమన్నాడు. ఇది సేటు పంపిన పని, నేను అడిగి పుట్టించుకున్న పని కాదు. ఈ మాట ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, ఆ వారంలో ఈ మాట నేను ఎల్లారెడ్డిలో కనీసం వీధికొకసారి చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.

బస్సు దిగేసరికి సన్నగా మొదలైంది. పెద్దపుసాల, అంటే పుష్యమి కార్తె. ఆ కార్తెలో మొదలైతే ఎప్పుడాగుతుందో చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. దుకాణానికి పోతే తాళం. బంధువు నస్రుల్లాబాద్ పోయాడు, వాగు పొంగిందట, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. తిరిగి బస్సు దగ్గరికి వస్తే, కామారెడ్డి దారిలోనూ వాగు రోడ్డెక్కింది, బస్సు బంద్ అన్నారు. తరాజు మూట చంకలో పెట్టుకుని ఒకరి ఇంటి చూరు కింద నిలబడ్డాను. గొలుసులు కదిలినప్పుడల్లా గల్లుమనేవి. దారిన పోయేవాళ్లు ఒక్కొక్కరే తల తిప్పి, మొకం పోల్చుకుని, నవ్వు దాచుకుని పోయేవారు. ఆ నవ్వులలో ఒకటి నేరుగా మా మామగారి ఇంటికి పోయింది.

మామగారు వానకు నెత్తి మీదుగా గొంగడి కొప్పెర వేసుకుని పరుగున వచ్చారు. వచ్చి, నన్ను చూసి, అలాగే నిలబడిపోయారు. ఆయన కష్టం నాకిప్పుడు అర్థమవుతుంది. సొంత అల్లుడు పరాయివాళ్ల చూరు కింద తడుస్తుంటే ఊళ్లో తలెత్తుకోలేరు. ఇంటికి తీసుకుపోతే ఆషాఢం. నేను తరాజు చూపించి సేటు సంగతి మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా పూర్తిగా విని, “అవునవును, పనిమీదనే వచ్చిండ్రు, ఎవలు కాదన్నరు” అన్నారు. ఆ మాట అన్న తీరులోనే కాదన్నది ఉంది.

దారి పొడుగునా ఆలోచించి, ఇంటి ముందుకు వచ్చాక ఆయనకు ఉపాయం తట్టింది. వాకిట్లో, దర్వాజకు ఎదురుగా వాళ్ల కచ్చురం నిలిపి ఉంది. కచ్చురం అంటే ఆడవాళ్లు ఊళ్లకు పోవడానికి కట్టే గూడు బండి. ఎడ్లను కొట్టంలో కట్టేసి, కాడి కింద మొద్దు పెట్టి, బండిని మట్టసంగా నిలిపారు. లోపల మెత్తగా వరిగడ్డి పరిచి, మీద జంపఖానా వేసి, “ఎక్కుండ్రి అల్లుడు, బండికి గడప లేదు” అన్నారు. శాస్త్రానికి శాస్త్రం, మర్యాదకు మర్యాద. ఎక్కి కూర్చున్నాను. పక్కన తరాజు. మోకాళ్లు గడ్డానికి ఆనుతున్నాయి. ఎదురుగా సగం తెరిచిన దర్వాజ. ఆ తలుపు వెనక ఒక చీర అంచు, గాజుల చప్పుడు. ఆమె నవ్వుతున్నదని నాకు మొకం కనబడకుండానే తెలిసింది.

ఇంటికీ బండికీ మధ్య రాయబారమంతా మామగారి తల్లిది. అందరూ ఆమెను అవ్వ అనేవారు. ఆమె నాకు అత్త కాదు గనుక ఆషాఢం ఆమెను ఏమీ చేయలేదు. గొంగడి కింద అన్నం పళ్లెం దాచుకుని వచ్చేది, ఉడకబెట్టిన పెసర గుడాలు తెచ్చేది, నేను తినేదాకా చక్రానికి ఆనుకుని నిలబడి వాన గురించి మాట్లాడేది. నేను మొదటి పూటే ఆమెకు కూడా సేటు సంగతి చెప్పాను. ఆమె తరాజు పళ్లేన్ని వేలితో మీటి చూసి, “మంచి సాకు కొడుకా, బరువున్నది” అంది.

మర్నాటికి ముసురు ఇంకా దట్టమైంది. గూడు పైన తాటాకు ఎక్కడో జరిగి, సరిగ్గా నా ఎడమ భుజం మీద చుక్క మొదలైంది. కుడివైపు జరిగితే అక్కడ ఇంకొక చుక్క. తరాజు పళ్లెం ఒకటి విప్పి చుక్క కింద పెడితే, టంగ్ టంగ్‌మని వీధి చివరిదాకా వినిపించేది. పిల్లలు ఆ చప్పుడు వినడానికే వచ్చి బండి చుట్టూ ముసిరారు. నిన్నటిదాకా నవ్వు దాచుకున్నవాళ్లు ఇవాళ దాచుకోవడం మానేశారు. ఎదురింటి తాత తన అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు నన్ను చూపించి మొత్తం కథ చెప్పేవాడు. ఆయన కథలో సేటు లేడు, తరాజు లేదు.

అప్పుడు మా అత్తగారు ఒక ఆలోచన చేసింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెళ్లిలో కూడా ఆమె నవ్వగా నేను చూడలేదు, నేనంటే గిట్టదేమోనని కూడా అనుకున్నాను. ఆమె అవ్వతో చెప్పి పంపింది ఏమిటంటే, ఇంటికి దొడ్డివైపు ఇంకొక దర్వాజ ఉంది. శ్రావణం వచ్చేదాకా తాను ఆ దర్వాజ నుంచే వస్తుంది, పోతుంది, వంటింట్లోనే ఉంటుంది. అల్లుడు ముందు దర్వాజ నుంచి వచ్చి ముందు గదిలో ఉండవచ్చు. గడపలు రెండు, దోషం లేదు. మామగారు పరమ సంతోషంతో వచ్చి, దిగమని చేయి అందించారు.

చలికి వణుకుతున్నాను. లోపల పొయ్యి ఉంది, పొడి పరుపు ఉంది, మా ఇంటావిడ ఉంది. కాలు బయటికి పెట్టబోయి, తలుపు సందులోంచి చూస్తున్న రెండు కళ్లు చూశాను. ఆ కళ్లు నా పాదాన్నీ గడపనూ కొలుస్తున్నాయి. కాలు వెనక్కి తీసుకున్నాను.

“పర్వాలేదు మామా, ఇక్కడ మంచిగనే ఉన్నది” అన్నాను. సరిగ్గా అప్పుడే ఒక చుక్క ముక్కు మీద పడింది.

పందెం సంగతి ఎవరితో చెప్పగలను? ఆలుమగలు మాట్లాడుకున్నారంటేనే సిగ్గుపడే కాలం. ఇక వాళ్లు పందేలు కాసుకున్నారని, అదీ షికారు పోవడానికని తెలిస్తే నా సంగతెలా ఉన్నా, ఆమెకు నాలుగు ఇళ్ల చీవాట్లు తప్పవు. నేను కారణం చెప్పలేదు. కారణం చెప్పని చోట లోకం ఊరుకోదు, తనే ఒకటి అల్లుతుంది. నీళ్లు కారే బండిలో కూర్చుని మంచిగ ఉన్నదనే అల్లుడికి ఉండగలిగిన కారణం మా వైపు ఒకటే. ఎదురింటి తాత చుట్ట తీసి దాన్ని ప్రకటించాడు.

“అల్లుడు అలిగిండు.”

పెళ్లిలో అల్లుడు అలగడం, మామ ఏదో ఒకటి ఇచ్చి అలక తీర్చడం అందరికీ తెలిసిన ముచ్చటే. నేను పెళ్లిలో సిగ్గుతో ఏమీ అడగలేదు. అప్పుడు మా అల్లుడంత మంచివాడు లేడని ఊరంతా చెప్పుకున్న మా మామగారికి ఇప్పుడు గుండెల్లో రాయి పడింది. పెళ్లిల అలగనోడు పుసాలల అలుగుతడు, ఆ అలక వడ్డీతోటి వస్తది అని తాత ఆయనకు మెత్తగా బోధించాడు. అరగంటకొకసారి మామగారు కొప్పెరతో వచ్చి, చక్రం పట్టుకుని, ఒక్కో వస్తువు పేరు చెప్పడం మొదలుపెట్టారు. చేతి గడియారమా? కాదు మామా. జోడు ధోవతులా? అయ్యో, అదేం లేదు. పట్నం చెప్పులా? నేను కాదన్నకొద్దీ ఆయన వస్తువును పెంచుతూ పోయారు. నా సంకోచం ఆయనకు బేరంలా కనబడుతున్నదని నాకు తట్టనేలేదు.

అవ్వ మాత్రం ఏదీ అడగలేదు. గుడాల గిన్నె చేతికిచ్చి, నా మొకం లోపలికి చూసింది. “ముసురు రెండు తీర్లు కొడుకా. మీది నుంచి పడేది కార్తె మారితె పోతది. మొకాన పట్టింది మాత్రం దానంతటది పోదు. నీ మొకాన ఏం లేదు. మరి ఎందుకు దిగవు?” అంది. నేను గుడాలు నోట్లో పోసుకున్నాను. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి దర్వాజ వైపు చూసింది. అక్కడి గాజులు చటుక్కున చప్పుడు ఆపేశాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం మామగారు తాతను వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఇద్దరూ తడుస్తూ. మామగారు గొంతు సవరించుకుని, పాలిచ్చే బర్రెను అంగడికి తోలి సైకిలు కొనిస్తానని చెప్పారు. ఆ బర్రె నాకు తెలుసు. పెళ్లిలో దాని పాలతో చేసిన పాయసమే నేను మారు వడ్డించుకుని తిన్నాను. నోరు తెరిచి వద్దనబోతుంటే, ఇంటి పక్క సందు మలుపులో ఇంకొక మనిషి కనబడింది. మా అత్తగారు. దొడ్డి దర్వాజ నుంచి ఇల్లంతా చుట్టి వచ్చి, నాకు ఎదురుపడకుండా గోడవైపు తిరిగి, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని నిలబడింది. గోడతో చెబుతున్నట్టు, నాకు వినబడేలా అంది.

“నా చేతి కూర నచ్చలేదేమో. పెండ్లిల నేను మంచిగ మాట్లాడలేదేమో. నాకు మాటలు రావు. తప్పు నాదైతే నా మీద కోపం ఉంచుకోమనుండ్రి, ఇంటి మీద వద్దు. బిడ్డ ఒక్కతే నాకు.”

వాన నీళ్లు ఆమె మోచేతుల మీదుగా కారుతున్నాయి. నేనంటే గిట్టదనుకున్న ఆమె, నేను బండి దిగకపోయినా, మూడు దినాలుగా నాకోసం సొంత ఇంట్లో దొడ్డిదారిన తిరుగుతున్నది. నేను దర్వాజ వైపు చూశాను. ఇప్పుడు తలుపు పూర్తిగా తెరిచి ఉంది. మా ఇంటావిడ మొకంలో నవ్వు లేదు. తల్లిని చూస్తున్నది, నన్ను చూస్తున్నది, పెదవి కదులుతున్నది. ఇంకొక్క క్షణం ఆగితే మొత్తం చెప్పేసేది, తప్పంతా తన మీద వేసుకునేది. నేను ఆగలేదు.

“మామా, సైకిలు వద్దు, బర్రెను అమ్మొద్దు. నాకు నిజాంసాగర్ చూడాలని ఉన్నది.”

 తాత చెవి దగ్గర చేయి పెట్టి, ఏమడిగిండు అన్నాడు. నిజాంసాగర్ అట అన్నారు మామగారు, నమ్మలేనట్టు. కొంటడా అన్నాడు తాత.

“చూసుడే. చూసి వస్త.”

“ఒక్కనివేనా?” అని అవ్వ చక్రం దగ్గరి నుంచి చాలా అమాయకంగా అడిగింది.

“మీ మనుమరాలు గూడ వస్తే…” అని నేను బండి గూడు వైపు చూస్తూ అన్నాను. “తోడుగ మీరు గూడ.”

తాత నోట్లోని చుట్ట వానలో ఆరిపోయింది. ఇంతేనా, ఇంతదానికి ఇన్ని దినాల ముసురా అని ఆయన మూడిళ్లకు వినబడేలా విసుక్కుని, తన కథ పాడైనందుకు కోపంగా అరుగు మీదికి పోయాడు. మామగారు మాత్రం గొడుగు కింద పడేసి నా చేయి పట్టుకుని దింపారు. సందు మలుపులో గోనెసంచి అప్పటికే మాయమైంది. వంటింట్లో పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది. నేను కుడికాలు ముందుపెట్టి గడప దాటాను. తుడుచుకోవడానికి బట్ట అందిస్తూ, నాకు మాత్రమే వినిపించేలా మా ఇంటావిడ అంది.

“గడప తొక్కిండ్రు.”

“నిజాంసాగర్ అడిగినంకనే తొక్కిన” అన్నాను. ఈ విషయంలో మా మధ్య తీర్పు ఇప్పటికీ కాలేదు.

(తరాజు సంగతి అడుగుతారేమో. దుకాణం బంధువు ఆ తర్వాత వచ్చి తీసుకున్నాడు. పళ్లెంలో మచ్చలేమిటని అడిగాడు. వాన అన్నాను.)

ముసురు వెలిసిన తెల్లవారి అదే కచ్చురంలో నిజాంసాగర్ పోయాం. ముందు మామగారు బండి తోలుతున్నారు, లోపల ఒక చివర నేను, ఇంకొక చివర ఆమె, మధ్యలో ఆషాఢానికి కాపలాగా అవ్వ. అవ్వ ఎక్కగానే కళ్లు మూసుకుని, దిగేదాకా తెరవలేదు. నిద్రపోయే మనిషి అంత నిటారుగా కూర్చోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆమె పుణ్యాన దారిలో మేము చాలా మాట్లాడుకున్నాం. మా అత్తగారు కట్టిచ్చిన సద్దిలో రెండు రకాల కూరలున్నాయి, ఏది నచ్చుతుందో తెలియక.

తీరా పోయి చూస్తే ఆనకట్ట తలుపులన్నీ మూసి ఉన్నాయి. నీళ్లు ఎక్కడో దూరాన, చదునుగా, పలకలా ఉన్నాయి. అక్కడి కావలి మనిషిని అడిగితే, పైనుంచి వరద రాకుంటే తలుపులు ఎట్లెత్తుతం, మీ ముసురు మీ బట్టలు తడపనీకే సరిపోయింది అన్నాడు.  ఇంత చేసి ఈమెకు చూపించింది ఒక రాతిగోడ. ఆమె మాత్రం గోడ పొడుగునా ఆ చివరిదాకా నడిచి, వంగి చూసి, తిరిగి వచ్చి చాలా తృప్తిగా చెప్పింది.

“ఇది లెక్కల రాదు. తలుపులు ఎత్తినప్పుడు మల్ల తోలుకరావాలె.”

ఆ తర్వాత చాలాసార్లే పోయాం, మూసిన తలుపులే చూసి వచ్చాం. ఒక ఏడు నీళ్లుంటే నాకు సెలవు లేదు, ఇంకొక ఏడు సెలవుంటే నీళ్లు లేవు. చివరికి ఆమె ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఒక వరదల కాలంలో అన్నీ కలిసొచ్చాయి. అప్పటికి నాకు చేతి గడియారం కూడా ఉంది, సొంత సంపాదనది. తలుపుల కింది నుంచి నీళ్లు దూకుతుంటే ఆమె చీర తడిసి ముద్దయ్యేదాకా నిలబడి చూసింది. నేను పక్కనే నిలబడి, తిరుగు బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసుకుంటూ ఉన్నాను. బస్సు తప్పలేదు. ఇప్పుడు మనవలెవరైనా ఆ నీళ్లు ఎట్లుంటాయి తాతా అని అడిగితే మీ నానమ్మనే అడగమంటాను. ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంది. పక్క గదిలో పని ఉన్నట్టు నటిస్తూ, నేనూ కొత్తగా వింటాను.